పొడుగు పిల్లాడిని సెంటర్‌గా తీర్చిదిద్దడం: తొందరపడకుండా నాలుగేళ్లు

13 ఏళ్లకే 5 అడుగుల 11 అంగుళాలు వచ్చిన పిల్లాడు బడిలో కనిపిస్తే పీఈటీ మాస్టారికి పండగే. మర్నాడే వాణ్ని బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబెట్టి, "చేతులు పైకెత్తి ఉంచరా, బంతి మేం వేస్తాం" అంటారు. అండర్-14 పోటీల్లో ఆ ఒక్క ఉపాయంతో జట్టు గెలుస్తుంది కూడా. అండర్-17కి వచ్చేసరికి మిగతా పిల్లలు ఎత్తు పెరిగి పక్కన నిలబడతారు. అప్పుడు చూస్తే వీడికి చేతులెత్తడం తప్ప ఇంకేమీ రాదు. డ్రిబుల్ (బంతిని నేలకి కొడుతూ నడపడం) లేదు, ఎడమ చెయ్యి పలకదు, రింగుకు రెండు మీటర్లు దూరం జరిగితే షాట్ లేదు. ఆ వయసులో మొదటినుంచి నేర్పాలంటే పిల్లాడికి సిగ్గు, కోచ్‌కి విసుగు.

సెంటర్‌కి, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడికి, ఎత్తు ముందొస్తుంది. బలం ఆ తర్వాత, ఒంటి అదుపు ఇంకా తర్వాత వస్తాయి. ఆట తెలివి అన్నిటికన్నా చివర. ఈ వరస మార్చడం ఎవరి వల్లా కాదు. అందుకే 13 నుంచి 17 దాకా ఏ ఏడాది ఏం నేర్పాలి, ఏం ఆపాలి అన్నది ఇక్కడ రాస్తున్నాం. ఆడపిల్లలకి ఇదే లెక్క సుమారు రెండేళ్లు ముందుకు జరుగుతుంది.

ముందు కొలవండి

మూడు నెలలకోసారి, పొద్దున్నే, చెప్పుల్లేకుండా గోడకి ఆనించి నిలబెట్టండి. తలమీద అట్టపుస్తకం గోడకి లంబంగా పెట్టి, దాని అడుగున పెన్సిల్ గీత గీయండి. సాయంత్రం కొలిస్తే వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుని ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గి కనిపిస్తుంది, కాబట్టి వేళ మార్చకండి. నెలనెలా కొలవడం దండగ. కొలతలో పొరపాటే అర సెంటీమీటరు ఉంటుంది.

ఎత్తుతో పాటు బరువు, చేతులు రెండూ బార్లా చాపినప్పటి వెడల్పు, కూర్చున్నప్పటి ఎత్తు రాసుకోండి. కూర్చున్న ఎత్తు ఎందుకంటే, ముందు కాళ్లు పెరుగుతాయి, కొన్ని నెలల తర్వాత మొండెం అందుకుంటుంది. మొత్తం ఎత్తు పెరుగుతూ కూర్చున్న ఎత్తు కదలకపోతే కాళ్లు సాగే కాలం నడుస్తోందని అర్థం. తడబాట్లు ఎక్కువగా కనిపించేది అప్పుడే.

మగపిల్లలు 13-14 ఏళ్ల ప్రాంతంలో అత్యంత వేగంగా, ఏడాదికి 9-10 సెంటీమీటర్ల దాకా పెరుగుతారు. ఆడపిల్లలకి ఆ దశ 11-12 ఏళ్లకే వస్తుంది. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటితే వేగంగా పెరిగే దశలో ఉన్నాడని రాసుకోండి. కింద చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఆ దశ కోసమే.

ఇంకో లెక్క. తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు సెంటీమీటర్లలో కూడి, మగపిల్లాడైతే 13 కలిపి, ఆడపిల్లయితే 13 తీసేసి, రెండుతో భాగించండి. తండ్రి 174, తల్లి 160 అయితే కొడుక్కి 173.5 వస్తుంది. దీనికి అటూ ఇటూ 8-10 సెంటీమీటర్ల తేడా మామూలే. ఆ ఇంటి పిల్లాడు 13 ఏళ్లకే 172 ఉంటే, వాడు తొందరగా పెరిగి తొందరగా ఆగిపోయే రకం కావచ్చు. వాణ్ని సెంటర్‌గా బిగించేస్తే రేపు 6 అడుగులకు ఒక అంగుళం అటో ఇటో ఉండి, గార్డు (రింగుకు దూరంగా బంతి నడిపే పొట్టి ఆటగాడు) ఆట రాని గార్డుగా మిగులుతాడు. 15 ఏళ్లు దాటేదాకా ఏ పొడుగు పిల్లాడికైనా డ్రిబుల్, పాస్, ఎదురుగా చూస్తూ వేసే షాట్ అందరితో సమానంగా నేర్పమనేది ఇందుకే. సెంటర్ పాఠం దానికి అదనం, బదులు కాదు.

నిరుడు వచ్చిన లే-అప్ ఈ ఏడు ఎందుకు పోయింది

లే-అప్ అంటే పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర లేచి బంతి వేయడం. తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. "మాస్టారూ, మావాడు ముందు బాగానే ఆడేవాడండీ, ఇప్పుడు వాడి కాళ్లే వాడికి అడ్డం పడుతున్నాయి." బద్ధకం కాదు, భయం కాదు. ఆరు నెలల్లో తొడ ఎముక, పిక్క ఎముక పొడుగైనా వాటిని తిప్పే కండలకి అంత బలం ఇంకా రాలేదు. పొడుగాటి గెడ కొసన బకెట్టు మోస్తే ఎంత బరువనిపిస్తుందో, అదే సంగతి. పాత కొలతలకి అలవాటుపడిన మెదడు అడుగు దూరాన్ని తప్పుగా లెక్కేస్తుంది. ఎత్తు వేగం తగ్గాక ఆరు నెలల నుంచి ఏడాదిలో బలం అందుకుంటుంది, ఒద్దిక దానంతటదే తిరిగొస్తుంది.

ఈ కాలంలో కొత్త కదలికలు నేర్పకండి. పాతవాటినే సగం వేగంతో చేయించండి. అందరి ముందు నవ్వులపాలయ్యే రిలే పరుగుల్లాంటివి పెట్టకండి. "తాటిచెట్టు", "ఒంటె" అనే పిలుపులు కోర్టులో వినపడకూడదని మొదటిరోజే చెప్పేయండి. ఆ మాటలకి పొడుగు పిల్లలు భుజాలు వంచి, మెడ ముందుకు వాల్చి నడవడం అలవాటు చేసుకుంటారు. రిబౌండ్‌కి (రింగు తప్పి తిరిగొచ్చే బంతికి) చేతులు నిటారుగా లేవాలంటే ఆ వంకర మళ్లీ సరిచేయాలి. దానికి నెలలు పడుతుంది.

మొదటి ఏడాది కాళ్లూ చేతులే

స్కోరింగ్ పాఠాలన్నీ పక్కనపెట్టండి. ప్రతి ప్రాక్టీసులో 25 నిమిషాలు కింది పనులకి.

స్కిప్పింగ్: తాడు మధ్యలో తొక్కిపట్టి లాగితే పిడులు చంకల దాకా రావాలి. ఎత్తు పెరిగేకొద్దీ తాడూ మార్చాలి, చాలామంది ఇది మరిచిపోయి పొట్టి తాడుతో నడుము వంచి ఎగిరిస్తారు. 30 సెకన్లు తాడు, 30 సెకన్లు విశ్రాంతి, ఆరుసార్లు. మన విశాఖలో బడి కోర్టులు చాలావరకు సిమెంటువే, కాబట్టి స్కిప్పింగ్ మట్టి నేలమీద గానీ రబ్బరు చాపమీద గానీ చేయించండి.

ఆగడం: నాలుగడుగులు పరుగెత్తి రెండు కాళ్లూ ఒకేసారి నేలకు తగిలేలా ఆగాలి. మోకాళ్లు వంగి, పిరుదులు వెనక్కి, చప్పుడు రాకుండా. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసి చూడండి. దిగినప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకుంటే తుంటి కండలు బలహీనంగా ఉన్నాయని లెక్క. అది సరయ్యేదాకా ఎత్తు గెంతులు పెంచకండి.

పివట్: కుడికాలు కదలకుండా ముందుకీ వెనక్కీ తిరగడం, తర్వాత ఎడమకాలు. ఒక్కో వైపు 10. పిల్లాడు మడమ మీద తిరిగితే కాలు జారి ట్రావెల్ (బంతితో పాదం జరిపిన తప్పు) అవుతుంది. బరువు మునివేళ్ల కిందే ఉండాలి. సముద్రం దగ్గరి కోర్టుల్లో గాలికి సన్నటి ఇసుక పేరుకుంటుంది, చీపురు పట్టకుండా పివట్ పాఠం మొదలుపెట్టకండి. ఉప్పుగాలికి రింగు బోల్టులు కూడా తుప్పుపడతాయి. చెయ్యి అందిన పిల్లలు రింగుకి వేలాడబోతారు. బోల్టులు పరీక్షించేదాకా ఆ సరదా మాన్పించండి.

పట్టడం: సెంటర్‌కి మొదటి విద్య ఇదే. టెన్నిస్ బంతి గోడకి కొట్టి ఒంటిచేత్తో పట్టడం, చేతికి 20. తర్వాత అసలు బంతితో కావాలనే చెడ్డ పాసులు వేయండి. మోకాళ్ల దగ్గరికి, చెవి పక్కకి, నేల తాకి ఎగిరొచ్చేలా. పట్టిన బంతి తిన్నగా గడ్డం కిందికి రావాలి, మోచేతులు బయటికి. పొడుగు పిల్లలందరిలో కనిపించే పెద్ద జబ్బు, బంతి పట్టగానే నడుము దాకా దించడం. అక్కడ 5 అడుగుల గార్డు కూడా లాగేసుకుంటాడు. గెంతేముందు చేతులు ఊపుకోవడం, ఊరికే ఒక డ్రిబుల్ వేయడం అలవాటుపడటమే దానికి కారణం. వారానికి రెండు రోజులు డ్రిబుల్ నిషేధించి 3 మీద 3 ఆట ఆడించండి. రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది.

బంతి విషయం. చేతులు పెద్దవని 12 ఏళ్ల పిల్లాడికి పెద్దలు ఆడే 7వ నంబరు ఇచ్చేస్తారు. అరచెయ్యి పెద్దదే గానీ మణికట్టు లేతది. భుజంతో తోసి వేసే షాట్ అలా అలవాటై జీవితాంతం వదలదు. 14 దాకా కాస్త చిన్నదైన 6వ నంబరుతో ఆడనివ్వండి.

మైకన్ డ్రిల్, ఓపిగ్గా

1940ల్లో చికాగోలోని డిపాల్ యూనివర్సిటీకి జార్జ్ మైకన్ అనే 6 అడుగుల 10 అంగుళాల కళ్లద్దాల కుర్రాడు వచ్చాడు. అప్పట్లో అంత పొడుగువాళ్లు ఈ ఆటకి పనికిరారనుకునేవారు. కోచ్ రే మేయర్ వాడితో తాడాట ఆడించి, బాక్సింగ్ చేయించి, డ్యాన్సు పాఠాలకి పంపి, రెండు చేతులతో రింగు కింద షాట్లు వేయించి మనిషిని చేశాడు. చివరికి మైకన్‌ని ఆపలేక అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 1951లో రింగు ముందున్న గదిని 6 అడుగుల నుంచి 12 అడుగులకు వెడల్పు చేసింది. ఆ అభ్యాసమే ఇప్పటికీ ప్రపంచమంతా అతని పేరుతో చేస్తున్నారు.

రింగుకి కుడిపక్కన, అడుగున్నర దూరంలో నిలబడాలి. బంతి నుదుటి ఎత్తున. ఎడమకాలి మీద లేచి, కుడిచేత్తో, బోర్డు మీది చిన్న పెట్టె గీతకి కుడి పైమూల తాకేలా వేయాలి. వలలోంచి దిగే బంతిని నేల తాకకముందే రెండు చేతులతో పట్టి, నుదుటి కిందికి దించకుండానే ఎడమపక్కకి అడుగేసి, కుడికాలి మీద లేచి, ఎడమచేత్తో. డ్రిబుల్ ఉండదు.

మొదటి నెల గడియారం వద్దు, కుడి 10, ఎడమ 10 మాత్రమే. తర్వాత 30 సెకన్ల లెక్క పెట్టండి. 8-10 పడితే మొదట్లో చాలు. 18-20 దాకా రావడానికి చాలామందికి ఏడాది పడుతుంది, పట్టనివ్వండి. ఎడమచెయ్యి తప్పుతోందని కుడిచేత్తో వేయనిస్తే డ్రిల్ చేసి లాభం లేదు. ఎడమవైపు తప్పులకి సాధారణంగా కారణం చెయ్యి కాదు, పాదం. ఎడమకాలి మీదే లేస్తున్నాడేమో చూడండి. పదింటిలో తొమ్మిదిసార్లు అదే దొరుకుతుంది.

రెండో ఏడాది నుంచి

ఒక కదలిక, దానికి ఒక విరుగుడు. ఏడాదికి అంతకు మించి వద్దు. మొదట డ్రాప్ స్టెప్: రింగుకి వీపు పెట్టి నిలబడి, వెనకాల ఉన్నవాడి ఒత్తిడి ఏ భుజానికి తగులుతోందో చూసి, రెండోవైపు కాలు వెనక్కి వేయాలి. బంతిని రెండు కాళ్ల మధ్య ఒక్కసారి గట్టిగా కొట్టి, రెండు కాళ్ల మీద లేవాలి. వేసిన పాదం బొటనవేలు రింగువైపు చూడాలి. పక్కకి చూస్తే పిల్లాడు బోర్డు వెనక్కి పోయి ఇరుక్కుంటాడు. దానికి విరుగుడు రెండో భుజం మీదుగా చిన్న హుక్ (పక్కకి తిరిగి ఒంటిచేత్తో తలమీదుగా వేసే షాట్), రింగు నుంచి మీటరున్నర లోపు. రెండో చెయ్యి అడ్డంగా ఉండొచ్చు గానీ తోయకూడదు, ఫౌల్.

పాసింగ్ పాఠం కూడా ఇప్పుడే మొదలవ్వాలి. ఫ్రీ త్రో (ఫౌల్ పడ్డాక అడ్డు లేకుండా వేసే షాట్) గీత దగ్గర బంతి పట్టి రెండు పక్కలా దూసుకొచ్చేవాళ్లకి అందించడం. సెర్బియా సెంటర్ నికోలా యోకిచ్ 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే తంతులో) 41వ వాడిగా వెళ్లి 2021, 2022, 2024ల్లో ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. అది గెంతుడు బలంతో కాదు, చూపుతో, చేతివాటంతో. ఫ్రీ త్రోలు అలిసిపోయాకే వేయించండి, ప్రాక్టీసు చివర 10. మ్యాచ్‌లో అవి ఎప్పుడూ ఆయాసంలోనే వస్తాయి.

మూడు సెకన్లకు మించి నిలబడకూడని రింగు ముందు గదిలో పాతుకుపోయే అలవాటుకి మందు, పిల్లాడి చేత పైకి లెక్క పెట్టించడం: "ఒకటి, రెండు, బయటికి." నెలరోజులు గట్టిగా అనిపిస్తే ఆ తర్వాత లోపలే అనుకుంటాడు.

ఫౌళ్లు

కుర్ర సెంటర్ మొదటి పది నిమిషాల్లోనే మూడు ఫౌళ్లు చేసి బెంచీ ఎక్కడం మామూలే. చెయ్యి పైనుంచి కిందికి కొట్టడమే కారణం. రెండు అరచేతుల్లో టెన్నిస్ బంతులు పట్టించి, చేతులు నిటారుగా ఎత్తి, ఎదురుగా దూసుకొచ్చేవాడి ముందు కేవలం నిలబడమనండి. బ్లాక్ చేయొద్దు, అడ్డుగా ఉంటే చాలు. రిబౌండ్‌లో బంతికంటే ముందు మనిషిని వెతకాలి: వీపు తగిలించి, కూర్చున్నట్టు వంగి, ఆ తర్వాత బంతి. పొడుగు పిల్లలు ఇది చేయరు, ఎందుకంటే అండర్-14లో వాళ్లకి దీని అవసరమే రాలేదు.

నొప్పుల్ని చిన్నచూపు చూడొద్దు

మోకాలి చిప్ప కింద, పిక్క ఎముక మొదట్లో గట్టి బుడిపె, ముట్టుకుంటే నొప్పి: ఆస్‌గుడ్-ష్లాటర్. మడమ వెనక నొప్పి: సీవర్స్. రెండింటికీ మూలం ఒకటే. ఎముక పెరిగిన వేగంతో కండ, దాన్ని ఎముకకి కట్టే నరం (టెండన్) సాగక, ఇంకా గట్టిపడని ఎముక కొసని లాగుతుంటాయి. ప్రమాదం కాదు గానీ నెలలు పడుతుంది. తొడ ముందుభాగం, పిక్క రోజుకి రెండుసార్లు, 30 సెకన్ల చొప్పున సాగదీయించండి. పదికి మూడు లోపు నొప్పయితే తేలిగ్గా ఆడనివ్వొచ్చు. కుంటితే ఆరోజుకి ఆపేయాలి. వేగంగా పెరిగే దశలో గట్టి గెంతులు ప్రాక్టీసుకి 60 దాటనివ్వం, వరసగా రెండు రోజులు పెట్టం. ఇది మేం పాటించే హద్దు.

వెనక్కి వంగితే నడుము నొప్పి రెండు వారాలు దాటినా, రాత్రి నిద్రలేపే నొప్పి ఉన్నా, ఎముకల డాక్టరుకి చూపించాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కయినా వెళ్లండి, వాయిదా మాత్రం వేయకండి.

మరీ పొడుగు పిల్లల విషయంలో ఇంకొకటి చూడండి. చేతుల వెడల్పు ఎత్తుకంటే బాగా ఎక్కువగా ఉండి, దానితో పాటు ఛాతీ లోపలికి గుంటపడినా ముందుకి పొడుచుకొచ్చినా, కంటి చూపు బాగా తక్కువైనా, బొటనవేలు మడిచి పిడికిలి బిగిస్తే చిటికెనవేలి అవతలికి పొడుచుకొచ్చినా, ఒకసారి గుండెకి ఎకో పరీక్ష చేయించండి. మార్ఫాన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉంటుంది. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా దీనివల్లే చనిపోయింది. 2014లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు ఐజయా ఆస్టిన్‌కి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి కొద్దిరోజుల ముందు ఇది బయటపడింది. పొడుగు చేతులు మాత్రమే ఉంటే భయపడక్కర్లేదు, ఈ ఆటలో అవి వరమే.

బీచ్‌లో పరుగు మంచిదే. అయితే నీటి అంచున ఇసుక ఒకపక్కకి వాలి ఉంటుంది. ఆర్కే బీచ్ నుంచి ఒకే దిశలో పరుగెత్తించి వెనక్కి ఆటోలో తెస్తే ఒక కాలి మీదే భారం పడుతుంది. వెళ్లినంత దూరం తిరిగి రావాలి. కైలాసగిరి మెట్లు ఎక్కడం బలమిస్తుంది. దూకుతూ దిగడం మాత్రం మోకాలిచిప్ప కింది నరాన్ని దెబ్బతీస్తుంది, నడిచి దిగమనండి.

తిండి, ఎండ, బూట్లు

60 కిలోల పిల్లాడికి రోజుకి 75-90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లతో 12, అర లీటరు పాలతో 16, వంద గ్రాముల చేపతో 20 వస్తాయి, మిగతాది పప్పు, సెనగలు, వేరుశనగ గుళ్లు, పెరుగు, అన్నం నింపేస్తాయి. వంజరమే కావాలనేం లేదు, ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే కవళ్లు, కానాగంతలు అంతే మేలు. పొద్దున్న చోడి అంబలి మన ప్రాంతపు పాత అలవాటు. వంద గ్రాముల చోడిపిండిలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. డబ్బా పౌడర్ల ఖర్చు ఈ వయసులో అనవసరం. సన్నగా ఉన్నాడని కుక్కి తినిపించకండి, ఎత్తు ఆగాక ఒళ్లు పడుతుంది. నిద్ర 8 నుంచి 10 గంటలు.

బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందన్నది అపోహ. మొదటి ఏడాది ఒంటి బరువుతోనే కుర్చీ మీదికి కూర్చుని లేవడం, పుషప్, ప్లాంక్, కమ్మీకి వేలాడటం, వారానికి రెండు రోజులు. తర్వాత తెలిసినవాళ్ల పర్యవేక్షణలో తేలిక బరువులు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఏడున్నరకే కోర్టు వదిలేయాలి. విశాఖలో ఎండకన్నా ఉక్కపోత కష్టం, గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పెద్ద ఒళ్లున్న పిల్లాడికి ఇది మరీ ఎక్కువ. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూడండి. కిలో తగ్గితే లీటరు నుంచి లీటరున్నర ద్రవం లోపలికి పోవాలి. ఉప్పేసిన మజ్జిగ అన్నిటికన్నా నయం.

పాదం ఎత్తుకంటే ముందే పెరుగుతుంది. మూడు నెలలకోసారి బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉందో లేదో చూడండి. 12 దాటిన సైజులు దుకాణాల్లో అప్పటికప్పుడు దొరకవు, నెల ముందే చెప్పి తెప్పించుకోవాలి. పెరుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటే లోపల పాదం జారి చీలమండ మడతపడుతుంది.

పదో తరగతి, ఆ తర్వాత

మన దగ్గర సెంటర్లు ఎక్కువగా పోయేది కోర్టులో కాదు, ఇంటర్ హాస్టల్లో. ఎత్తు వచ్చి, అదుపు రాబోతున్న సమయానికి పదో తరగతి, వెంటనే రెండేళ్ల ఇంటర్. చదువు ఆపమని ఎవరూ అనకూడదు. ఆట పూర్తిగా ఆగకుండా చూస్తే చాలు. రోజుకి 20 నిమిషాలు డాబా మీద తాడు, పివట్లు, గోడకి టెన్నిస్ బంతి, సాగదీయడం. ఆదివారం గంటన్నర కోర్టు. హాస్టల్లో చేర్చేముందే ఆ గంటన్నర సంగతి మాట్లాడి రాయించుకోండి, తర్వాత అడిగితే జరగదు.

వెనకబడిపోతాడనే భయం అక్కర్లేదు. ఎన్‌బీఏ మేటి ఆటగాడైన టిమ్ డంకన్ మొదట ఈతగాడు, అతను ఉన్న దీవిలో 1989 నాటి హ్యూగో తుపానుకి కొలను పాడయ్యాక బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు, ఆ తర్వాత యూనివర్సిటీలో నాలుగేళ్లూ పూర్తిచేసి 1997లో డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. మరో మేటి హకీమ్ ఒలాజువాన్ నైజీరియాలో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుతూ టీనేజీ సగం దాటాకే ఈ బంతి పట్టాడు. అతని కాళ్ల నేర్పు అక్కడినుంచి వచ్చిందే. అందుకే మీవాడు వాలీబాల్, కబడ్డీ ఆడతానంటే ఆడనివ్వండి. ఇక పంజాబ్‌లోని బల్లోకే ఊరి సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళాలతో 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడయ్యాడు గానీ అక్కడ ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. ఎత్తు తలుపు దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్లాలంటే పాదాలూ చేతులూ కావాలి.

మ్యాచ్‌లో వాడి పాయింట్లు రాయకండి. చేతికొచ్చిన పాసుల్లో ఎన్ని పట్టాడు, షాట్ పడినప్పుడు ఎన్నిసార్లు మనిషిని వీపుతో ఆపాడు, ఎన్నిసార్లు అందరికంటే ముందు వెనక్కి పరుగెత్తాడు, ఎన్ని ఫౌళ్లు చేశాడు. ఈ నాలుగే రాయండి. మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెడితే ఎదుగుదల కనిపిస్తుంది, స్కోరుబోర్డు మీద అది ఏడాది తర్వాత గానీ కనిపించదు.

ఆరు నెలల్లో ఎత్తు అర సెంటీమీటరుకి మించి పెరగని రోజున స్థానం సంగతి తేల్చండి. సాధారణంగా అది 17 దాటాక వస్తుంది. పాదాలు నేలమీద ఆనించి, ఒక చెయ్యి పూర్తిగా పైకి చాపి గోడమీద సుద్దగుర్తు పెట్టించండి. రింగు 305 సెంటీమీటర్లు. ఆ గుర్తుకీ రింగుకీ మధ్య దూరం, నాలుగేళ్ల కొలతల పుస్తకం, పాసుల కాగితాలు ముందు పెట్టుకుని, పిల్లాణ్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.